ముఖం కనిపించే మాస్కు

"గడ్డం తీసేసి రండి," అంది కేతకి, తలెత్తకుండానే.

ఎదుటి కుర్చీలో కూర్చున్న కొత్త ఫిజియోథెరపిస్టు తన గడ్డాన్ని ఎవరో లాక్కుపోతున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఇంత మొహం మీద చెప్పలేదు డాక్టర్!"

వెనక వరసలో నిలబడ్డ నర్సులు కిసుక్కుమన్నారు. కేతకి అప్పుడు తలెత్తి చూసింది. ఒత్తుగా పెంచి, నున్నగా దువ్విన గడ్డం. దానిపైన నవ్వుతున్న రెండు కళ్ళు. సారంగ్ పెండ్సే అట పేరు. కొల్హాపూర్ నుంచి నిన్ననే వచ్చి చేరాడు.

జావ్లీ కొండల్లో ఉన్న ఆ ఛాతీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో చాలామందిది మామూలు మందులకు లొంగని క్షయ. డాక్టర్ కేతకి సుర్వే అక్కడ మైక్రోబయాలజిస్టు. వార్డులో జబ్బు స్టాఫుకి అంటకుండా చూసే బాధ్యత కూడా ఆమెదే. ఎవరి మొహానికి ఏ మాస్కు సరిపోతుందో పరీక్ష పెట్టి తేల్చాకే ఎవరినైనా వార్డులోకి వెళ్ళనిస్తుంది.

"వెంట్రుకల సందుల్లోంచి గాలి దూరుతుంది," అంది ఆమె. "గాలితో పాటు క్షయా దూరుతుంది. మొహానికి అతుక్కోని మాస్కు ఒట్టి అలంకారం."

"మరి ఆ నీలం మాస్కు? దానికి గడ్డం అడ్డం కాదు కదా."

"అది రోగులకి. వాళ్ళ నోటి నుంచి తుంపర్లు బయటికి రాకుండా. మీకు కావలసింది మీరు పీల్చే గాలిని వడకట్టేది. రెండింటికీ చాలా తేడా ఉంది. నెక్స్ట్!"

సారంగ్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి గడ్డాన్ని ఒకసారి ప్రేమగా నిమిరాడు. "నాలుగేళ్ళ స్నేహం," అని నిట్టూర్చి వానలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు నున్నగా గీసుకుని వచ్చేసరికి వార్డు ఇన్‌చార్జి మాలన్ సిస్టర్ అతన్ని గుర్తుపట్టలేదు. "ఓపీ కింద ఉంది బాబూ, చీటీ అక్కడ రాస్తారు," అని పంపించబోయింది. కేతకి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. చుబుకం మీద చిన్న గాటు కూడా పెట్టుకున్నాడు పాపం.

అతని మొహానికి మాస్కు బిగించి, తలమీద పెద్ద ప్లాస్టిక్ ముసుగు వేసింది. ముసుగుకున్న చిన్న రంధ్రంలోంచి చేదు మందు పొగమంచులా లోపలికి కొట్టింది.

"తల అటూ ఇటూ తిప్పండి. కిందికీ పైకీ. చేదు తగిలిందా, చెయ్యెత్తండి."

తల సగం తిప్పాడో లేదో రెండు చేతులూ పైకి లేచాయి. ముసుగు తీస్తే, కాకరకాయ రసం గ్లాసెడు తాగినవాడి మొహం.

"ఈ రకం మీ ముక్కుకి కుదరలేదు. ఇంకొకటి."

రెండోది మడతపెట్టే రకం. ఈసారి అటూ ఇటూ తిరిగినా, వంగినా, లేచినా చెయ్యి ఎత్తలేదు.

"ఇప్పుడు మాట్లాడండి."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదో ఒకటి. దవడ కదలాలి, అంతే."

సారంగ్ మొదలుపెట్టాడు. మా ఆయి, అంటే అమ్మ, ఆదివారం పూట మటన్ వండితే, మొదట కొబ్బరిపాలతో తెల్ల రస్సా పులుసు, తర్వాత కారం నూరి ఎర్ర రస్సా, ఎర్ర రస్సా మీద నూనె తేలితే పక్కింటివాళ్ళు గోడ మీంచి గిన్నె అందిస్తారు... వరసలో ఉన్న నర్సులు గుటకలు మింగారు. కేతకి ఆపమనడం మరిచిపోయింది. ముసుగు కిటికీలోంచి కనిపిస్తున్నవి కళ్ళు మాత్రమే. అవి ఆమెనే చూస్తున్నాయి.

"పాస్," అంది గబగబా.

"తెల్ల రస్సా ఇంకా పూర్తి కాలేదు డాక్టర్."

"పాస్ అన్నాను కదా!"

ఆ తర్వాత వాన ఎప్పుడు పట్టుకున్నా అతను క్యాంటీన్‌లోనే కనిపించేవాడు. ఆమె టీకి వెళ్తే ఎదురు బల్ల మీద ఉల్లిపాయ పకోడీల పొట్లం విప్పి ఉండేది. మొదట్లో ఒకటే తీసుకునేది. తర్వాత తర్వాత పొట్లం తనవైపే లాక్కోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు శుభదా గురించి చెప్పింది. శుభదా వార్డు నర్సు. సన్నటి మొహం. అప్పట్లో ఆసుపత్రికి ఒకే సైజు మాస్కులు వచ్చేవి. దవడ దగ్గర వేలు దూరేంత సందు ఉండేది. తాడు బిగించుకుంటే సరిపోతుందనేవాళ్ళు అందరూ. చివరికి జబ్బు అంటుకుంది. ఇంట్లో మందులు మింగుతూ, కన్నకూతుర్ని దగ్గరికి తీసుకోలేక కిటికీ లోంచి చూస్తూ ఉండేది. ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది.

"అందుకే అందరి మొహాలూ కొలుస్తూ కూర్చుంటాను," అంది కేతకి. "నన్ను రాక్షసి అంటారని తెలుసు."

"తప్పు. రాక్షసి అని సిస్టర్లు అంటారు. డాక్టర్లు ఇంకా పెద్ద మాటే అంటారు."

ఆమె పకోడీ విసిరింది. అతను నోటితో అందుకోబోయి తప్పాడు.

అంత నమ్మకం పెరిగిన మనిషి కాబట్టే, ఆ మధ్యాహ్నం వార్డు తలుపు అద్దంలోంచి కనిపించింది చూసి కేతకికి ఒళ్ళు మండిపోయింది. ధోండిబా అనే ముసలి రోగి మంచం పక్కన కూర్చుని సారంగ్ ఊపిరి కసరత్తు చేయిస్తున్నాడు. మాస్కు చుబుకం కిందికి దిగి ఉంది. మొహంలో మొహం పెట్టి, నోరు బాగా తెరిచి మరీ మాట్లాడుతున్నాడు.

అద్దం మీద దబదబా కొట్టింది. అతను చప్పున మాస్కు పైకి లాక్కుని బయటికొచ్చాడు.

"ఏమిటిది?"

సారంగ్ వెనక్కి చూశాడు. మంచం మీద ముసలాయన వీళ్ళనే చూస్తున్నాడు. "తర్వాత చెప్తాను డాక్టర్."

"తర్వాతంటే ఎప్పుడు? శుభదాలా ఎక్స్‌రే పట్టుకొచ్చాకా? మీకు అన్నీ వేళాకోళాలే! రేపట్నుంచి వార్డులో అడుగుపెట్టకండి."

కారిడార్‌లో జనం ఆగి చూస్తున్నారు. ఏదో ఒక జోకు వేస్తాడని ఆమె ఎదురుచూసింది. వేస్తే ఇంకా తిడదామనుకుంది.

"సరే డాక్టర్," అని మాత్రమే చెప్పి వెళ్ళిపోయాడు.

సారంగ్ రావడం మానేశాక ధోండిబా కసరత్తు మానేశాడు. తర్వాత అన్నం పళ్ళెం కూడా తోసేయడం మొదలుపెట్టాడు. మాలన్ సిస్టర్ మొర పెట్టుకుంటే కేతకి మాస్కు బిగించుకుని తానే వెళ్ళింది. నచ్చజెప్పింది. ముసలాయన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె గొంతు పెంచింది.

ధోండిబా అప్పుడు ఇటు తిరిగాడు.

"నువ్వు అరుస్తున్నావని నీ నుదురు చూస్తే తెలుస్తోంది పోరీ. ఏమని అరుస్తున్నావో మాత్రం తెల్వదు. నా చెవులు ఎప్పుడో పోయినయ్. ఈ రోగానికి వెనక ఇచ్చిన సూదులు తినేసినయ్."

కేతకి కాగితం కోసం చుట్టూ చూసింది. గాలిలో వేలితో రాస్తున్నట్టు సైగ చేసింది.

"రాస్తే చదివేదెవరు? పుట్టినప్పటి నుంచి గొర్రెల ఎంట తిరిగినోణ్ణి. అవేం నాకు అచ్చరాలు నేర్పలే." ఆయన దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు. "అందరూ మూతి మూసుకుని వస్తరు. కళ్ళు మాత్రం కదుల్తయ్. బతుకుతనంటున్నరో, సస్తనంటున్నరో నాకేం ఎరుక? ఆ కసరత్తు మాస్తరొక్కడే నోరు చూపించి మాట్లాడతడు. వద్దురా, నా రోగం నీకెందుకని నేనే తిట్టేటోణ్ణి. వింటే గదా! చెవుడు నాకా, వానికా?"

ఓపీలో ఒక పెద్దావిడ మోకాలు చాపిస్తున్న సారంగ్ ముందు కేతకి వెళ్ళి నిలబడింది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఆయన చూస్తున్నాడు కదా. వినపడకపోయినా మీ కోపం తెలుస్తోంది. ఆయన వైపు చూపించి నేను మాట్లాడితే, ఆ కోపమంతా తన మీదే అనుకుంటాడు. తన వల్లే నాకు చీవాట్లని కూడా. తర్వాత చెబుదామంటే మీరు ఎదురుపడనే లేదు."

"మాస్కులోంచి కూడా నా కోపం తెలుస్తుందా?"

"మీ కోపానికి ఏ మాస్కూ చాలదు డాక్టర్. అది గాలిలో తేలుకుంటూ వచ్చే రకం."

మోకాలి పెద్దావిడ కూడా నవ్వేసింది. కేతకి నవ్వుతూనే వేలు చూపించింది. "మీది జాలే. కాదనను. కానీ ఊపిరితిత్తులకి జాలి తెలీదు. ఇంకోసారి మాస్కు దించితే మిమ్మల్ని ఈ కొండ దింపేస్తాను."

"అయితే ఆయనతో ఎలా మాట్లాడాలో మీరే చెప్పండి."

"చెప్తాను. వెతుకుదాం రండి."

ఆ సాయంత్రం ల్యాబు బల్ల మీద రకరకాల మాస్కులు పరిచారు. సారంగ్ ఎక్కడో చూసి తెప్పించిన మాస్కుకి నోటి దగ్గర పారదర్శకమైన కిటికీ ఉంది. పెట్టుకుని ఇకిలించి చూపించాడు. కేతకి అతని చెంప పక్కన సందులో వేలు పెట్టింది. "అందంగా ఉంది. పనికిరాదు." వేలు తీయడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఇద్దరూ బల్ల మీది వేరే మాస్కుల వైపు చూశారు.

తర్వాత రబ్బరుది. రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లు. మొహానికి జలగలా అతుక్కుంటుంది, కానీ నోరు కనిపించదు. మాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది. చివరికి ఒక కంపెనీ పుస్తకంలో కేతకి ఒక బొమ్మ మీద ఆగింది. నడుముకి చిన్న మోటారు, దాని నుంచి గొట్టం, తలంతా కప్పే టోపీ, ముందు అద్దంలాంటి తెర.

"మోటారు గాలిని వడకట్టి టోపీలోకి తోస్తూ ఉంటుంది. లోపలి గాలి బయటికి పోవడమే గాని, బయటిది లోపలికి రాదు. మొహమంతా కనిపిస్తుంది. బిగుతు అక్కర్లేదు కాబట్టి ఎవరికైనా సరిపోతుంది. గడ్డం ఉన్నా సరే."

సారంగ్ పుస్తకం లాక్కుని చూశాడు. "గడ్డం ఉన్నా సరేనా? అంటే నాలుగేళ్ళ స్నేహితుణ్ణి అన్యాయంగా చంపించారన్నమాట!"

సూపరింటెండెంట్ ఫడ్కే గారు మాత్రం బొమ్మ చూసి కళ్ళజోడు తీసేశారు. "ఒక్క ముసలాయన కోసం ఇంత ఖరీదైనదా కేతకీ?"

"ఒక్కరు కాదు సర్. ఆ సూదులతో వినికిడి పోయినవాళ్ళు వార్డులో ఇంకా ఉన్నారు. ఏ మాస్కూ కుదరని నర్సులు ఉన్నారు. వాళ్ళని తాడు బిగించుకోమని పంపించలేను. మళ్ళీ అలా జరగనివ్వను."

"చూద్దాం," అన్నారాయన. ఆయన చూద్దామంటే ఎంతకాలం చూస్తారో అందరికీ తెలుసు.

అందాకా ఏం చేయాలి? వార్డు వెనక నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు ఉంది. ధోండిబాని అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టారు. సారంగ్ దూరంగా, వానలో రెయిన్‌కోటు వేసుకుని నిలబడి నోరు చూపించి మాట్లాడాలి.

"గాలి మీ వెనక నుంచి ఆయన వైపు వీచాలి," అని కేతకి చున్నీ కొస పైకెత్తి పట్టుకుంది. అది ఒకసారి ఇటు ఎగిరింది, ఒకసారి అటు. సన్నటి తుంపర ఆమె కనురెప్పల మీద పడి నిలిచింది. "చూస్తున్నారా?"

"చూస్తున్నాను."

"గాలిని చూడమన్నాను."

"గాలి కనిపించదు కదా డాక్టర్."

బెంచీ మీంచి ధోండిబా అరిచాడు. "మాస్తరూ! మీరిద్దరూ మాట్లాడేది కూడా నాకు ఇక్కడికి కనిపిస్తున్నది!"

అలా వానలో నిలబడీ నిలబడీ సారంగ్‌కి దగ్గు పట్టుకుంది. వారం గడిచినా తగ్గలేదు. క్యాంటీన్‌లో ఆ దగ్గు వినగానే కేతకి చేతిలో టీ గ్లాసు ఆగిపోయేది. మాస్కు చుబుకం కింద ఉన్న ఆ మధ్యాహ్నం ఆమె కళ్ళముందు మెదిలేది. అంతకుముందు ఎన్ని మధ్యాహ్నాలు అలా గడిచాయో!

ఒకరోజు పొద్దున్నే కళ్ళె పట్టే చిన్న డబ్బా అతని చేతిలో పెట్టింది. అతను జోకు వేయలేదు. ఎక్స్‌రేకి వెళ్ళొచ్చి, ల్యాబు బయట వరండాలో కూర్చున్నాడు.

కళ్ళె నమూనా మిషన్‌లో పెట్టి, ఫలితం వచ్చేదాకా కేతకి దాని ముందే కూర్చుంది. ఎంతోమంది ఫలితాల కోసం ఆ తెర చూసింది గాని, ఇలా కళ్ళార్పకుండా కూర్చోవడం ఎప్పుడూ లేదు. ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చిన ఫడ్కే గారు గుమ్మంలో ఆగి, ఆమె మొహం చూశారు. బయట కూర్చున్న అతన్నీ చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు.

తెర మీద అక్షరాలు పడ్డాయి. కేతకి వాటిని రెండుసార్లు చదివి బయటికి వచ్చింది.

"క్షయ లేదు. ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉంది. ఉత్త జలుబు దగ్గు. ఆవిరి పట్టండి. చలిలో తిరగకండి. ఇంకా..." చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నారా?"

"లేదు."

"స్టాఫులో ఎవరు దగ్గినా ఇలాగే ఏడుస్తారా మీరు?"

"అందరికీ కాదు," అంది కేతకి. అనేశాక ఇక దాచడానికేం లేదనిపించింది. "ఒక్కరికే."

సారంగ్ లేచి ఆమె ఎదుటికి వచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "చున్నీ ఎత్తి గాలి చూశారే, ఆ రోజే చెబుదామనుకున్నాను. ధైర్యం చాల్లేదు. కేతకీ, నాకు నువ్వంటే చాలా ఇష్టం."

వాన చప్పుడులో కూడా ఆ 'నువ్వు' స్పష్టంగా వినిపించింది ఆమెకి.

"కానీ ఒక చిక్కుంది," అన్నాడు. "టెస్టు సంగతి ఎవరో మా ఆయి చెవిన వేశారు. నన్ను ఇక్కణ్ణుంచి తీసుకుపోవడానికి వస్తానంటోంది. ఆవిడ పట్టు పట్టిందంటే నేను కాదనలేను."

"అంత భయమా?"

"మా నాన్న దగ్గుతోనే పోయారు."

ఫడ్కే గారు ఈసారి ఎక్కువ రోజులు చూడలేదు. గాలి టోపీ వచ్చేసింది. వాడకం అందరికీ నేర్పి, సారంగ్ మొదటిసారి అది తగిలించుకుని వార్డులోకి వెళ్తున్న రోజునే, తడిసిన గొడుగుతో అతని ఆయి ఇందుమతి గారు ఆసుపత్రి మెట్లెక్కారు.

"నా కొడుకేడీ?" అన్నారావిడ కేతకితో. "నువ్వేనా ఆ డాక్టరు పిల్లవి? చూడమ్మా, నాకున్నది ఒక్కడు. మా ఆయన దగ్గీ దగ్గీ పోయాడు. వీడు ఏరి కోరి దగ్గేవాళ్ళ మధ్యకే వచ్చాడు. ఇక చాలు. సామాను సర్దమని చెప్పు."

కేతకికి చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆవిడ కళ్ళు చూశాక అవన్నీ పక్కన పెట్టింది. "రండి కాకూ," అని సొంత పిన్నిని పిలిచినట్టు పిలిచి, ఆవిడ చేతిలో సంచి అందుకుని, బయటి వరండా వెంట తీసుకెళ్ళి మూసి ఉన్న వార్డు కిటికీ ముందు నిలబెట్టింది.

అద్దం అవతల ధోండిబా మంచం. దాని పక్కన తెల్లటి టోపీలో సారంగ్. తెర వెనక మొహమంతా కనిపిస్తోంది. బుగ్గలు పూరించి, పెదవులు సున్నాలా చుట్టి ఊదాలని చూపిస్తున్నాడు. ముసలాయన ఊదబోయి, అతని మొహం చూసి, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వుతున్నాడు.

"ఆ అద్దం లోపలికి జబ్బు పోదా?"

"పోదు కాకూ. గాలి వడకట్టుకుని లోపలికి వస్తుంది. రోజూ మోటారు, గొట్టం సరిగ్గా ఉన్నాయో లేదో చూసి నేనే తగిలిస్తాను."

"రోజూ నువ్వేనా? ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు." కేతకి తల దించుకుంది. "అయినా నేనే చూస్తాను."

ఇందుమతి గారు ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి మళ్ళీ అద్దం వైపు తిరిగారు. చాలాసేపు కొడుకునే చూస్తూ నిలబడ్డారు.

"మా ఆయన దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు పోరీ," అన్నారు చివరికి. "డాక్టర్లు కూడా మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మంలోంచే మాట్లాడేవాళ్ళు. ఆయన పోయేలోపు నవ్వే మొహం ఒక్కటి చూశాడో లేదో." కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "ఆ ముసలాయన అదృష్టవంతుడు."

కేతకి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు. ఇంకాస్త దగ్గరికి లాక్కుని, చెవిలో ఏదో అడిగారు. కేతకి చెంపలు ఎర్రబడ్డాయి. తలూపింది.

కాసేపటికి సారంగ్ వార్డు బయటి గదిలో టోపీ విప్పి, పద్ధతిగా చేతులు కడుక్కుని, చెమటతో తడిసి వరండాలోకి వచ్చాడు. తుడిచి తెచ్చిన మోటారు చేతిలో ఇంకా గుయ్యిమంటూనే ఉంది.

"ఆయీ! అద్దంలోంచి మీ ఇద్దర్నీ చూస్తూనే ఉన్నాను. ఈ ఫ్యాను గోలలో ఒక్క ముక్క వినపడలేదు. ఏమిటి మాట్లాడుకున్నారు?"

"నిన్ను ఈ పిల్లకి ఇచ్చేశాను రా సారంగ్యా."

"నన్నడక్కుండానే?"

"నిన్నడిగేదేముంది? నీ మొహం అంత స్పష్టంగా కనిపిస్తుంటే! అడగాల్సింది పిల్లని. గణపతి పండక్కి మనింటికి వస్తావా, అన్నీ కుదిరితే ఆ తర్వాత ఉండిపోతావా అని అడిగాను."

"ఏమంది? ఆయీ, ఏమంది?"

ఆవిడ గొడుగు తీసుకుని, క్యాంటీన్ ఎటో కనుక్కుంటానంటూ ముందుకు నడిచారు. సారంగ్ కేతకి వైపు తిరిగాడు. మోటారు గుయ్యిమంటోంది. ఆమె ఏదో అంది. అతనికి వినపడలేదు.

కేతకి చెయ్యి చాచి మోటారు మీట నొక్కింది. చప్పుడు ఆగిపోయింది. కొండ మీద వాన ఒక్కటే మిగిలింది.

"వస్తానన్నాను," అంది.